నాలుగో గేరులో తగ్గే మోత

మా ఆయన వయసులో ఉన్నంతకాలం లారీ తోలాడు. మదనపల్లె టమోటా యార్డులో లోడు ఎక్కించుకుని పోవడం, దించి రావడం, మళ్లీ పోవడం. ఆ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన చెవులు పోయాయి. ఇప్పుడు దగ్గరగా వచ్చి గట్టిగా చెబితేనే వినిపిస్తుంది. చెవి మిషను కొనిస్తే కొన్నాళ్లు పెట్టుకుని బీరువాలో పడేశాడు. "దాంట్లో అన్నీ ఒక్కసారే అరుస్తాయి" అన్నాడు.

లారీ మానేశాక ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. రామసముద్రం పక్కనున్న మా పల్లెలో మాకు మల్బరీ తోట ఉంది, పట్టుపురుగులు పెంచుతాం. గూళ్లు తీశాక మదనపల్లె మార్కెట్టుకు మోయడానికి ఆ కారు. ఒకరోజు పుంగనూరు దారిలో వెనక బస్సు హారను కొడుతున్నా ఈయనకు వినపడక, అది మా అద్దాన్ని రాసుకుంటూ పోయింది. కారు పక్కకు ఆపి, దిగి, తాళాలు నా చేతిలో పెట్టాడు.

"ఇంక నువ్వు నేర్చుకోమే" అన్నాడు.

నాకప్పటికి యాభై దాటింది. స్టీరింగు పట్టుకుంటే ఊళ్లో నవ్వినవాళ్లు ఉన్నారు. నేర్చుకున్నాను. ఆయన కోపంగా చెప్పినా, చేత్తో చూపించినా నేర్చుకున్నాను. బస్సు కోసం ఎండలో నిలబడే పని నాకు అంతటితో తీరింది. అందుకే నిరుడు వేసవి తర్వాత కారులో మోత మొదలైనప్పుడు, దాన్ని ఊరికే వదలడం నా వల్ల కాలేదు.

మొదట సన్నగా వచ్చేది. తర్వాత పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సి వచ్చింది. మా ఆయనకు అది వినపడదు. గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తేల్చేశాడు.

"క్లచ్ బేరింగు. ఇంకేం కాదు."

మదనపల్లెలో ఒక షెడ్డులో బండి వదిలాం. గేరుబాక్సు దించి, క్లచ్ బేరింగు కొత్తది వేసి, మళ్లీ ఎక్కించారు. షెడ్డు గేటు దాటకముందే నాకు తెలిసిపోయింది. మోత ఎక్కడికీ పోలేదు. ఆయన నా ముఖం చూశాడు. నేను అడ్డంగా తల ఊపాను. ఇంటిదాకా ఆయన కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన కారు దగ్గరికి పోవడమే మానేశాడు. ఆకు కోసుకొచ్చి పురుగులకు వేయడం, తట్టలు శుభ్రం చేయడం, అంతే. లారీ కాలంలో రోడ్డు పక్కన తానే ఇంజను విప్పుకున్న మనిషి. తన చెయ్యి తప్పు చెప్పిందన్న సంగతి ఆయనకు మింగుడు పడలేదు. పురుగులేమో ఆఖరిసారి పొర విడిచే పెద్ద నిద్ర లేచి ఆకు తెగ తింటున్నాయి. ఇంకొన్నాళ్లలో గూళ్లు కడతాయి. గూళ్లు కోశాక వాటిని నిలవ ఉంచే వీల్లేదు, లోపలి పురుగులు తొలుచుకుని బయటికొచ్చేస్తాయి.

ఒక పొద్దున పక్కన కూర్చుని ఆయన చెవి దగ్గర చెప్పాను.

"నీకు పని తెలుసు, మోత వినపడదు. నాకు మోత వినపడతాది, పని తెలీదు. నన్ను అడగకుండా నువ్వొక్కడివే తేల్చేస్తే ఎట్లయ్యా?"

ఆయన చేతిలోని ఆకు తట్ట కింద పెట్టాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "బండి తియ్" అన్నాడు.

చౌడేపల్లె వైపు జనం లేని రోడ్డు మీదికి పోయి ఆపాం. ఇంజను ఆడుతూనే ఉంది, గేరు న్యూట్రల్‌లో ఉంది.

"ఇప్పుడు ఉండాదా?"

"ఉండాది. విసుర్రాయిలో రాగులు తిప్పినట్ల."

"క్లచ్ అడుగుదాకా తొక్కు."

తొక్కాను. మోత ఆగిపోయింది. కాలు తీశాను, మళ్లీ వచ్చింది. ఇంకోసారి చేసి చూసి చెప్పాను. ఆయన తలమీద కొట్టుకున్నాడు. "క్లచ్ బేరింగయితే తొక్కినప్పుడు అరవాల. ఇది తొక్కితే నోరు మూసుకుంటాండాది. గేరుబాక్సు లోపలే ఉండాది జబ్బు."

తర్వాత నడిపించాడు. ఒకటో గేరు, మోత. రెండు, మోత. మూడు, ఇంకా ఎక్కువ. నాలుగో గేరులో పడగానే ఎవరో తలుపు దగ్గరికి వేసినట్టు తగ్గింది.

"తగ్గిపోయిందయ్యా!"

"సరిగ్గా విను. ఊరికే సెప్పొద్దు."

మళ్లీ మూడుకు తెచ్చాను. వచ్చింది. నాలుగు వేశాను. తగ్గింది. ఆయన కారు ఆపించి, దిగి, బానెట్టు మీది దుమ్ములో వేలితో రెండు గీతలు గీశాడు, ఒకటి పైన, ఒకటి కింద.

"ఇది పై షాఫ్టు, ఇది కింది షాఫ్టు. మిగతా గేర్లలో బలమంతా పైనుంచి కిందికి దిగి, మళ్లీ పైకెక్కి పోవాల. నాలుగులో కిందికి దిగే పనే లేదు, పైన్నుంచి తిన్నగా పోతాది. నాలుగులో మోత తగ్గిందంటే, అరిగింది కింది షాఫ్టు బేరింగు." వేలు కింది గీత మీద ఆనించి నన్ను చూశాడు. ఎన్నో రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను.

పుంగనూరులో ఆయన లారీ రోజుల నుంచి ఎరిగిన మెకానిక్కు ఒకడున్నాడు. బండి అతని దగ్గర పెట్టాం. ముందు గేరుబాక్సు నూనె పళ్లెంలోకి దించాడు. మా ఆయన అందులో వేలు ముంచి ఎండకు పెట్టాడు. నల్లటి నూనెలో అరిగిన ఇనుము జరీ పొడి చల్లినట్టు మెరుస్తోంది. బాక్సు విప్పి చూస్తే కింది షాఫ్టు ముందు బేరింగు వేలితో తిప్పినా గరగరమంటోంది, దాని గుండ్ల మీద సన్నటి గుంటలు. గేర్ల పళ్లు మాత్రం ఒక్కటీ విరగలేదని మెకానిక్కే చూపించాడు.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వు సెప్పింది నిజమేన్నా. కానీ ఈ బండికి సామాన్లు యాడ దొరకతాయి? కంపెనీ వాళ్లే చేయడం మానేసినారు. పాతినుము కింద తూకానికి వేసేసి ఇంకోటి సూసుకోండి."

ఆయనకు సగమే వినిపించింది. నేను జవాబిచ్చాను. "గేర్ల పండ్లన్నీ బాగుండాయని నువ్వే అంటివి కదప్పా. ఒక్క బేరింగు కోసం బండి తూకానికి వేస్తామా?"

"దొరకాల కదమ్మా!"

"దొరికేదాకా ఎతకతాం. నువ్వు బాక్సు మూయకుండా పెట్టు. ఆ షాఫ్టుకు రెండో పక్క బేరింగు కూడా తీసియ్యి."

అతను నవ్వి, రెండు బేరింగులూ ఊడదీసి సంచిలో వేసిచ్చాడు. కుప్పంలో పాత కార్లు విప్పి అమ్మే మనిషి ఉన్నాడని, అడిగి చూడమని చెప్పాడు.

మరుసటి రోజు పలమనేరు మీదుగా బస్సుల్లో కుప్పం పోయాం. పాత కార్లాయన తమిళం కలిసిన తెలుగులో పలకరించి, తుప్పు కుప్పలోంచి మా బండి లాంటి గేరుబాక్సే ఒకటి బయటికి లాగాడు. నా ప్రాణం లేచొచ్చింది. మా ఆయన దాని మూత తీయించి, కింది షాఫ్టు తిప్పుతూ నన్ను పిలిచాడు.

"చెవి పెట్టి విను."

వంగి విన్నాను. అదే విసుర్రాయి.

"మనదాని మాదిరే ఉండాదయ్యా" అన్నాను.

"అయితే వద్దు" అని వెంటనే లేచాడు. పాత కార్లాయన నొచ్చుకోలేదు. మా సంచిలోని బేరింగును కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టాడు. "అంచు మీద నంబరు ఉండాది సూడమ్మా. కారు సామానుల అంగడికి పోవద్దు. బేరింగుల అంగడికి పోండి. నంబరు కలిస్తే చాలు, అది కారుదైతే ఏమి, మోటారుదైతే ఏమి?"

రెండు బేరింగుల మీదా ఒకటే నంబరు, సగం అరిగిపోయి ఉంది. ఫోను కెమెరాలో పెద్దది చేసి ఒక్కో అంకె చదివాను. బజారులో మొదటి అంగడి మూసి ఉంది. రెండో అంగడాయన నంబరు చూసి, కొలబద్దతో వెడల్పు, మందం కొలిచి, లోపలికి పోయి రెండు డబ్బాలు తెచ్చాడు.

"బోరు మోటార్లకు పోతాయి ఇవి. ఏం బండికి?"

ఆ మాట పట్టించుకోకుండా మా ఆయన కవరు విప్పేశాడు. కొత్త బేరింగును పాతదాని పక్కన పెట్టి చూశాడు. కొత్తదాన్ని నా చెవి దగ్గర పట్టి తిప్పాడు.

"ఏం వినపడతాండాది?"

"ఏమీ లేదు" అన్నాను. ఆయన బజారులో అందరూ చూస్తుండగా గట్టిగా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

పుంగనూరు మెకానిక్కు బేరింగులు ఎక్కించేటప్పుడు మా ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. సుత్తితో లోపలి రింగును కొట్టబోతే "ఆగప్పా" అని, పైపు ముక్క పెట్టించి, తొందరపడకుండా దించమన్నాడు. కొత్త ప్యాకింగు, కొత్త నూనె. బాక్సు ఎక్కి, బోల్టులన్నీ బిగిశాక నన్ను స్టీరింగు ముందు కూర్చోమన్నారు.

న్యూట్రల్‌లో ఇంజను మోత తప్ప మరేదీ లేదు. ఒకటి, రెండు, మూడు. మూడులో కావాలనే కాసేపు లాగాను. మెకానిక్కు వెనక సీట్లోంచి ముందుకు వంగి వింటున్నాడు. నేను మాట్లాడకపోవడం చూసి మా ఆయన కంగారుపడ్డాడు.

"ఏమ్మే, సెప్పు!"

"పోయిందయ్యా. అంతా పోయింది. రివర్సులో మాత్రం సన్నగా కూస్తాండాది."

"అది దాని గొంతు. కొత్త బండిలోనూ కూస్తాది" అన్నాడు, సీటుకు వెనక్కి ఆనుకుంటూ.

గూళ్లు కోతకొచ్చిన రోజు మడికి నీళ్లు కట్టాల్సి ఉండి ఆయన ఇంటి దగ్గరే ఉండిపోయాడు. నేనొక్కదాన్నే వెనక సీటు తీసేసిన కారులో గూళ్ల మూటలు వేసుకుని మదనపల్లె పోయాను. ఎత్తు దగ్గర టమోటా లారీ ఒకటి నత్తలా పోతుంటే మూడుకు తగ్గించి దాటాను. కారు మారు మాట్లాడకుండా ఎక్కింది. రెండు ముడులు సడలి మూటలు కదిలిన చప్పుడు కూడా నాకు ముందు సీట్లో వినిపించింది. ఆపి, మళ్లీ కట్టాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆయన కాళ్లకు బురదతో గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ధర గురించి అడగలేదు.

"బండి ఎట్లుండాది?"

పక్కన కూర్చుని, ఏ గేరులో ఎట్లా పోయిందో, ఎత్తు దగ్గర ఏం చేశానో, ఒక్కొక్కటే ఆయన చెవిలో చెప్పాను. అంతా విని, పార తీసుకుని, మిగిలిన మడికి నీళ్లు మళ్లించడానికి లేచాడు.