సీటు దొరికే వరకు, సీటు లేనంతసేపు

1994లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో డాక్యుమెంటేషన్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే కానీ పని చెప్పడం తేలిక. లెక్చరర్లు రాసిచ్చిన పాఠాలను విద్యార్థి చేతికి పోయేలోపు సాపు చేయాలి. వాక్యం కాలు విరిగి ఉంటే కట్టు కట్టాలి. ఒక పేజీలో చెప్పినదానికి ఇంకో పేజీ అడ్డం తిరిగితే పట్టుకోవాలి. సాయంత్రం పూట జరిగే డిప్లొమాకు పాఠాలు తెలుగులో ఉండేవి. మా కంప్యూటర్లలో తెలుగు వచ్చేది కాదు కాబట్టి తెలుగు టైపు మిషను మీద కాపీలు తీసే స్టెన్సిల్ కాగితం కొట్టి, దాన్నే ఇంగ్లిషు మిషనుకు ఎక్కించి, కమాండ్ల కోసం వదిలిన ఖాళీలను నింపేదాన్ని. చుట్టూ కంప్యూటర్లు, నడుమ టైపు మిషనుతో నేను. నవ్వేవాళ్లు నవ్వారు. పాఠం మాత్రం నా బల్ల దాటకుండా బయటికి పోయేది కాదు.

నాకు అక్షరాలు ఇరవై రెండేళ్లకు వచ్చాయి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఇళ్లలో పనిచేసుకునే రోజుల్లో, పాస్టరు గారి భార్య ఒకామె మాలాంటివాళ్లను కూర్చోబెట్టి దిద్దించింది. ఎవరి సాయం లేకుండా నేను మొదట చదివిన పూర్తి వాక్యం ఒక ప్రహరీ గోడ మీద ఉండేది: ‘ఇచ్చట మూత్రము పోయరాదు.’ కూడబలుక్కుని చదివి, సంతోషం పట్టలేక అటు చూస్తే ఇద్దరు మగవాళ్లు సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నారు. రాసి ఉన్నంత మాత్రాన లోకం అట్లా నడవదని నాకు ఆ గోడే నేర్పింది. అందరికీ అంత మంచి గోడ దొరకదు.

ఆ ఏడాది నా బల్ల మీదికి వచ్చినది పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాల్లో కంట్రోల్ స్ట్రక్చర్ల అధ్యాయం. కంప్యూటరు మామూలుగా పై లైను నుంచి కింది లైనుకు నడుస్తూ పోతుంది. ఏ లైను వదిలేయాలి, ఏ లైను మళ్లీ మళ్లీ చేయాలి అని చెప్పేవే కంట్రోల్ స్ట్రక్చర్లు. మళ్లీ మళ్లీ చేయించేదాన్ని లూప్ అంటారు. పాస్కల్‌లో వైల్ అని ఒక లూప్, రిపీట్-అంటిల్ అని ఇంకొకటి. సాగాలా, ఆగాలా అని తేల్చే షరతును కండిషన్ అంటారు.

అంతకు ముందు ఏడాది పరిభాష కమిటీ ఒకటి కూర్చుని, పాఠాలన్నిటిలో ఒకే అర్థానికి ఒకే మాట ఉండాలని తీర్మానించింది. దాకా, పర్యంతం, అంతసేపు, వరకు అని నలుగురు నాలుగు రకాలుగా రాస్తున్నారని, అన్నీ తీసేసి ‘వరకు’ అని ఒక్కటే ఉంచారు. చూడటానికి ఇల్లు ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. నేనూ ఆ అధ్యాయాన్ని అట్లాగే స్టెన్సిల్ కొట్టి పంపేశాను.

ఒక మధ్యాహ్నం రూతు వచ్చింది. ముప్పై దాటిన మనిషి. పగలు విద్యానగర్‌లో ఒక స్కూలు ఆఫీసులో టెంపరరీగా పనిచేసి, సాయంత్రం మా క్లాసుకు వచ్చేది. తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఈ డిప్లొమా చేతికొస్తే స్కూలులో ఆమె పోస్టు పర్మినెంటు చేస్తామన్నారు. పాస్కల్ ప్రాక్టికల్ ఒకసారి తప్పింది. ఇంకొక్కసారే అవకాశం. అదీ పోతే కోర్సు పోయినట్టే, దాంతో ఆ పోస్టూ పోయినట్టే.

“మల్లమ్మక్కా, నాతోని కాదు. బంద్ చేస్త” అంటూ కుర్చీలో కూలబడింది.

“బంద్ చేసేదానివి ఇంటికి పోక, నా దగ్గరికెందుకొచ్చినవ్? ఏమైందో చెప్పు.”

“మార్కులు ఒక్కొక్కటి ఇస్తుంటే కూడాలె. సున్న కొట్టంగనే ఆపి మొత్తం చెప్పాలె. గంతే ప్రోగ్రాం. నేను నలభై ఐదు అని ఒక్కటి కొట్టంగనే మొత్తం సున్న అని చెప్పి కూసుంటది. మొన్న పరీక్షల గిదే అయింది. ఇయ్యాల మళ్ల గిదే.”

“వైల్ లైను ఏం రాసినవ్?”

“వైల్ ఎన్ ఈక్వల్ టు జీరో. ఎన్ అంటే కొట్టిన మార్కు, అది సున్న అయ్యే వరకు అని. పుస్తకంల ఎట్ల చెప్పిన్రో గట్లనే.”

పాఠం తీసి పైకి చదవమన్నాను. చదివింది. “వైల్: కండిషన్ నిజమయ్యే వరకు పనిని మరల మరల చేయును.” పేజీ తిప్పి రెండోది చదవమన్నాను. “రిపీట్-అంటిల్: కండిషన్ నిజమయ్యే వరకు పనిని మరల మరల చేయును.”

“రెండింటికీ ఒకటే చెప్పిన్రు గదనే” అన్నాను. “ఇంట్ల ఇద్దరు పిల్లలకు ఒకటే పేరు పెట్టి పిలిస్తే ఎవడొస్తడు?”

“అచ్చుల ఉన్నది తప్పెట్లయితదక్కా? నాకే అర్థమైతలేదు కావచ్చు.”

నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. పెద్దయ్యాక చదువు దగ్గరికి వచ్చినవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. కాగితం ఎట్లా తప్పు చెబుతుంది, నా బుర్రే మందం అనుకుంటారు. చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాడు పుస్తకాన్ని తిట్టి పక్కన పెడతాడు. వీళ్లు తమను తాము తిట్టుకుంటారు.

ఆ పాఠం రాసిన లెక్చరర్ శామ్యూల్ గారు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడే కానీ తొందరపడి ఒప్పుకునే రకం కాదు. ఇద్దరం ఆయన గదికి వెళ్లాం. ఆయన రెండు వాక్యాలూ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“క్లాసులో నేను సరిగ్గానే చెప్పానండీ. వైల్ అంటే కండిషన్ నిజమై ఉన్నంత వరకూ చేస్తుంది. రిపీట్ అయితే నిజమయ్యే వరకూ.”

“చెప్పింది గాలికి పోయింది సార్. చేతిల మిగిలింది ఇది.”

“వరకు తప్పు మాటేం కాదుగా మల్లమ్మ గారూ. ఉన్నంత వరకు అంటాం, అయ్యే వరకూ అంటాం.”

“అందుకే గదా సార్ తిప్పలు. అటు నుంచి పిలిచినా పలుకుతది, ఇటు నుంచి పిలిచినా పలుకుతది.”

ఆయన నవ్వలేదు. “పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు మారిస్తే పాత కాగితం ఉన్నవాళ్లూ, కొత్త కాగితం ఉన్నవాళ్లూ కొట్టుకుంటారు. ఒట్టినే మాట మారిస్తే సరిపోదండీ. ఒక్కసారి వింటే క్లాసులో ఎవరికైనా తేడా తెలిసేట్టుండాలి. అలాంటిది తీసుకురండి, మార్చేద్దాం.”

న్యాయమైన మాటే. ఒక తప్పు తీసి ఇంకో గజిబిజి పెట్టడం నా పని కాదు. ఆ కాగితం తీసుకుని బయటికి వచ్చాం. రూతు మొహం ఇంకా చిన్నబోయింది.

సాయంత్రం క్లాసు ఎగ్గొడతానంటే తిట్టి కూర్చోబెట్టాను. నాకూ ఆ రోజు పని మిగలడంతో, క్లాసయ్యాక ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. ఆమె తార్నాకలో దిగాలి, నేను అక్కడ మారి మెట్టుగూడకు పోవాలి. బస్సు కిక్కిరిసి ఉంది.

“ముందుకు జరుగుండ్రమ్మా, లోపల మస్తు జాగ ఉన్నది!” అని కండక్టరు అరుస్తున్నాడు.

“ఏడున్నదన్నా జాగ, నీ సంచిలనా?” అంది రూతు. మనసు బాగా లేకున్నా నోరు మాత్రం చురుకే. తర్వాత నాతో, “నీకు మోకాళ్ల నొప్పులాయె. ఏం చేస్తం, సీటు దొరికే వరకు నిలబడాలె” అంది.

నేను ఊరికే ఉండక, “ఇప్పుడు సీటు ఉన్నదా మరి?” అన్నాను, మోకాలు సలుపుతున్న చిరాకులో.

“ఉంటే నిలబడుతమా? లేదనే గదా…” అని, మాట మధ్యలో ఆగిపోయింది. కడ్డీ పట్టుకున్న చేయి మార్చుకుంది. నోట్లో ఏదో గొణుక్కుంది. తర్వాత నా భుజం పట్టి ఊపింది.

“అక్కా! సీటు దొరికే వరకు నిలబడు. సీటు లేనంతసేపు నిలబడు. రెండూ ఒకటే పని. గానీ చూసేది వేరే! ఒకదాంట్ల దొరికిందా అని చూస్తం, ఒకదాంట్ల లేదా అని చూస్తం.”

“ఊ. వైల్ ఏది?”

“వైల్ అంతసేపు. అంటే సున్న కానంతసేపు కూడు అని రాయాలె. నేను సున్న ఉన్నంతసేపు కూడు అని రాసిన. సీటు ఉన్నంతసేపు నిలబడు అన్నట్టు!” పెద్దగా నవ్వింది. “సీటు పెట్టుకుని ఎవరన్న నిలబడతరానే! అందుకే అది పనే చెయ్యలే.”

వెనకాల కూరగాయల గంపతో ఉన్న ఒకామె విసుక్కుంది. “ఏం సీటు లొల్లమ్మా మీది? దిగేటోళ్లకు తొవ్వ ఇయ్యుండ్రి ముందు.”

మర్నాడు శామ్యూల్ గారి ముందు రూతు ఆ బస్సును మళ్లీ నడిపించింది. ఈసారి ఆయన నవ్వారు. నవ్వి ఊరుకోలేదు, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లారు. మేం చూడని సంగతి ఆయన చూశారు.

“బాగుందమ్మా. ఇంకొక్క మెట్టు ఎక్కు. బస్సెక్కగానే సీటు ఖాళీగా ఉందనుకో. ఏం చేస్తావు?”

“కూసుంట సార్. నిలబడేదెందుకు?”

“వైల్ కూడా అంతే. ముందు చూస్తుంది, అవసరమైతేనే పని. ఒక్కసారైనా చేయకపోవచ్చు. రిపీట్ అలా కాదు. సీటు ఖాళీగా ఉన్నా సరే, ఎక్కగానే ఓసారి నిలబడుతుంది. ఆ తర్వాతే చుట్టూ చూస్తుంది.”

“తిక్కది సార్ అది!”

“తిక్కది కాదు, దాని పద్ధతి అది. పరీక్షలో నిన్ను అడిగేది దీన్నే, రాసిపెట్టుకో.”

ఆ సాయంత్రం ఆయనే క్లాసులో నిలబడి చెప్పారు. “ఆ కమిటీలో నేనూ ఉన్నాను. అన్నీ ఒక్క మాట చేస్తే చక్కగా ఉంటుందనుకున్నాం. ఈ రెండు వాక్యాలూ కొట్టేయండి.” నేను కొత్త స్టెన్సిల్ కొట్టాను. వైల్ కింద ‘కండిషన్ నిజమై ఉన్నంతసేపు, ముందు చూసి చేయును.’ రిపీట్ కింద ‘కండిషన్ నిజమయ్యే వరకు, చేసి చూచును.’ పాత పాఠం ఉన్న ప్రతివాడికీ ఆ ముక్క కత్తిరించి, పాత వాక్యం మీద నేనే జిగురుతో అంటించాను. ఎవరి చేతిలోనూ రెండు కాగితాలు తిరగకూడదు కదా. అధ్యాయం చివర బస్సు ఉదాహరణ కూడా పెట్టాను. ‘చేయును, చూచును’ తీసి ‘చేస్తుంది, చూస్తుంది’ అని పెడదామంటే మాత్రం శామ్యూల్ గారు ఒప్పుకోలేదు. పాఠానికి కొంచెం ఇస్త్రీ ఉండాలన్నారు. సరేనన్నాను. ఇస్త్రీ చేస్తే చేశారు, గుడ్డ తిరగేసి తొడగకుంటే చాలు.

ప్రాక్టికల్ రోజు బయటి నుంచి పరీక్షకుడు వచ్చాడు. నాకు లోపల పని లేదు, వరండాలో ఉన్నాను. ఒక్కొక్కరే వస్తున్నారు, రూతు రావడం లేదు. వచ్చాక గోడకు ఆనుకుని కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఏందే, పోయిందా?”

“ప్రోగ్రాం నడిచిందక్కా. తర్వాత నోటి ప్రశ్న అడిగిండు. వైల్‌కు రిపీట్‌కు ఏంది తేడా అని. బెదిరి ఇంగ్లిష్ మొత్తం మర్చిపోయిన. వైల్ సీటు ఉన్నదా లేదా అని ముందే చూసుకుంటది సార్, రిపీట్ ఒకసారి నిలబడి చూస్తది అన్న.”

“ఆయనేమన్నడు?”

“ఏం సీటమ్మా అన్నడు. తార్నాక బస్సుల సీటు సార్ అన్న. పెన్ను పక్కకు పెట్టి, మొత్తం చెప్పు అన్నడు. చెప్పిన. చివరికి, ‘నేనూ ఆ బస్సుకే పోతనమ్మా’ అన్నడు.”

పాసయింది. స్కూలులో పోస్టూ నిలబడింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను, ఎన్నో పాఠాలు సాపు చేశాను. ఈ కేసు నేర్పినంత గట్టిగా ఇంకేదీ నేర్పలేదు. సాపు చేయడమంటే అన్నిటినీ ఒక్క తీరుగా చేయడం కాదు. రెండు వేర్వేరు సంగతులకు ఒకే చక్కని మాట తొడిగితే పేజీ అందంగా ఉంటుంది, చదివేవాడు మునుగుతాడు. ఇంకొకటి కూడా ఉంది. మనం రాసింది తప్పుగా ఉంటే, తెలిసినవాడు మనల్ని తిడతాడు. దాంతో మనకొచ్చే నష్టం లేదు. తెలియనివాడు తనను తాను తిట్టుకుని ఇంటికి పోతాడు. వాడు మన దగ్గరికి వచ్చి చెప్పడు కూడా. అందుకే కాగితం సాపు చేసే మనిషి ఆ రెండోవాడి కోసం చదవాలి, పైకి వినబడేట్టు.

పరీక్ష ఫలితం వచ్చిన రోజు మళ్లీ ఇద్దరం అదే బస్సులో నిలబడి వస్తున్నాం. దారిలో ఒకాయన లేచాడు. రూతు నన్ను ముందుకు నెట్టింది.

“కండిషన్ మారిందక్కా. ఇంక కూసో.”