బావ స్కోపు లెక్క

మా అక్క భర్త దగ్గర లైసెన్సు ఉన్న పాత రైఫిల్ ఒకటి ఉంది. మక్క కంకులు పాలు పట్టే రోజుల్లో చేలమీద అడవి పందుల గుంపులు పడితే, అనుమతి తీసుకుని రైతులు పిలిపించే షూటర్లలో ఆయన ఒకడు. నాకు తుపాకీ పట్టడం రాదు. అయినా ఏళ్ల తరబడి మంచె మీద ఆయన పక్కన కూర్చున్నాను. దూరం చెప్పడం నా పని.

ఆ రైఫిల్ తూటా వంద మీటర్లు దాటాక బాగా కిందికి వాలుతుంది. దూరం తెలియకుండా కాలిస్తే మట్టి ఎగురుతుంది, లేదా గాయపడిన పంది పొదల్లో దూరుతుంది. బావకు దూరం అంచనా వేయడం రాదు. నేను పదో తరగతితో చదువు ఆపి, సిద్దిపేటలో సిమెంటు దుకాణం పెట్టుకుని, గోడకు ఇటుకలెన్ని, స్లాబుకు ఇనుమెంత అని లెక్కగడుతూ బతికినవాణ్ని. ముందురోజే వెళ్లి, టేపుతో కొలిచి, యాభై, వంద, నూటయాభై మీటర్ల దగ్గర గట్లమీద సున్నం పూసిన రాళ్లు పెట్టేవాణ్ని. తెల్లవారి వెలుతురు రాగానే, పంది ఏ రాయికి ఎంత ఇవతలుందో చూసి ఆయన చెవిలో అంకె చెప్పేవాణ్ని.

అంకె చెప్పడానికి ఒక క్షణం చాలు. మిగతా సమయమంతా గుసగుసగా మాటలే. పిల్లల సంగతులు, పొలం తగాదాలు, ఇంట్లో ఎవరితోనూ అనని భయాలు. మా అక్క ఎగతాళి చేసేది.

"మీరు పందుల కోసం పోతున్రా, ముచ్చట్ల కోసం పోతున్రా? మీ కథలు ఇనుకుంట పందులు కడుపునిండ తిని పోతున్నయట."

బావ రైఫిల్‌ మీద గురి చూసుకునే దుర్భిణి, నాలుగు పవర్ ఫిక్స్‌డ్ స్కోపు, ఉండేది. అంటే చూసినదేదైనా నాలుగింతలు దగ్గరగా కనబడుతుంది, అంతే. పెంచడం, తగ్గించడం ఉండదు. ఒక పొద్దున మర్కూక్ వైపు చేనులో ఆయన ట్రిగ్గర్ మీద వేలు పెట్టి, తీసేసి, తుపాకీ పక్కన పెట్టాడు. ఎదురుగా ఉన్నది నల్ల దూడ.

"బామ్మర్ది, గది దూడనో పందో నాకు తెల్వలే. ఇగ చాలు. లైసెన్సు వాపసిచ్చేస్త."

"నీ కన్ను బాగనే ఉంది బావా. స్కోపు పవరే సాలుతలేదు," అన్నాను.

హైదరాబాద్‌లో తుపాకుల దుకాణానికి వెళ్లాం. బావకు పనికొచ్చేవి రెండు చూపించారు. ఒకటి ఆరు పవర్ ఫిక్స్‌డ్. రెండోది మూడు నుంచి తొమ్మిది దాకా తిప్పుకునే వేరియబుల్. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని కాగితం మీద లెక్క మొదలుపెట్టాను. ముందు అద్దం వెడల్పును పవర్‌తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వెడల్పు వస్తుంది. ఆరు పవర్‌కు నలభై రెండు మిల్లీమీటర్ల అద్దం, అంటే ఏడు. వేరియబుల్‌కు నలభై, ఎనిమిది మీద పెడితే ఐదు. ఏడు ఎక్కువే గానీ, బావ వయసులో కంటిపాప మసక వెలుతురులో ఐదుకు మించి పెద్దగా తెరుచుకోదు. మిగతా రెండు మిల్లీమీటర్లూ నిండిన తొట్లో పోసిన నీళ్లే. పైగా పంది దగ్గరికి ఉరికొస్తే మూడుకు తగ్గించుకోవచ్చు.

ఇంకొకటి కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే. వేరియబుల్ లోపలి నిలువు గీతమీద చుక్కలుంటాయి. తొమ్మిది మీద ఉంచితే, చుక్కకూ చుక్కకూ నడుమ వంద మీటర్ల దగ్గర పది సెంటీమీటర్లు. ఎదిగిన పంది వీపు నుంచి కడుపు దాకా సుమారు నలభై. అది ఎన్ని చుక్కల ఎడం పడుతుందో చూసి, నాలుగు వందలను దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది.

బావ విని అడిగాడు. "మరి గా ఆరుది తీస్కుంటే?"

"దాంట్ల చుక్కలు లెవ్వు. దూరం నేను చెప్తగద."

"గిది తీస్కుంటే?"

"నువ్వే చూస్కోవచ్చు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నీకేది మంచిగనిపిస్తే గదే తీస్కుందాం," అన్నాడు.

నేను కాగితం చూసి వేరియబుల్ అన్నాను.

లెక్క తప్పలేదు. దూడ భయం మళ్లీ రాలేదు, లైసెన్సు నిలిచింది. మొదట కలిసే వెళ్లాం. నేను నోరు తెరిచేలోపు ఆయనే "నూట ముప్పై" అనేవాడు, నా రాళ్లూ అదే చెప్పేవి. తర్వాత ఫోన్లు తగ్గాయి.

"గంత దూరం బండిమీద నీకెందుకు తిప్పలు? మోకాళ్లు నొస్తున్నయంటివి గద. నేను చూస్కుంట," అన్నాడొకసారి. అందులో ప్రేమ తప్ప మరేమీ లేదు, అందుకే నేను వస్తానని పట్టుబట్టలేకపోయాను. ఇప్పుడు పండుగలకు, ఫంక్షన్లకు కలుస్తాం. నలుగురిలో కూర్చుని మాట్లాడుకునేవి వేరు.

ఎవరైనా అలాంటి కంటికి స్కోపు అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ బెంచీ మీద కాగితానికి ఎక్కని బరువు ఒకటి ఉండింది, దాన్ని ఏ పక్క వేయాలో నాకు అప్పుడు తోచలేదు.

మొన్న రాయపోల్ దగ్గరి నుంచి బావ ఫోన్ చేశాడు.

"సగం ఎదిగిన పందులే ఎక్కువున్నయ్ బామ్మర్ది. వీటికి నీ నాలుగొందలు పనిచేస్తలేదు."

"వీపుకెళ్లి కడుపు దాక ఎంతుంటది?"

"జానెడు మీద కొంచెం."

"రెండొందల యాభై పెట్టుకో బావా."

"గంతేనా? సరే, రైతు ఎదురుచూస్తుండు," అని పెట్టేశాడు.

ఫోన్లో విన్న జానెడు కొలత కాదు. "చూడందే చెప్పలేను, వస్తున్నా ఆగు" అని అంటే అబద్ధం అయ్యేది కాదు, ఆయన ఆగేవాడు కూడా. నా నోటికి అంకె ముందొచ్చింది.