మూడు కాళ్ల మీద రెండు కండ్లు

కామారెడ్డి స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో ఒకప్పుడు ఘనీ సాబు ఫొటో దుకాణం ఉండేది. బోర్డు మీద పేరు ఆయనదే. దుకాణాన్ని నిలబెట్టింది మాత్రం ఆయన భార్య హఫీజమ్మ. ఈ మాటంటే కొందరు మూతి తిప్పుతారు. తిప్పనీండి. మా బాపు సీమోను నోటి నుంచి విన్నదే చెప్తున్నాను, గాలి కబురు కాదు.

హఫీజమ్మది పిట్లం. గాజులమ్మే వాళ్ల ఇంట్లో పుట్టింది. పెండ్లయి కామారెడ్డి వచ్చేనాటికి ఘనీ సాబు నల్లగుడ్డ కప్పుకుని పెద్ద పెట్టె కెమెరాతో ఫొటోలు తీసేవాడు. పరదా ఇండ్లలోకి మగవాడు పోరాదు కనుక, ఆడవాళ్ల ఫొటోల కోసం భార్యకు పని నేర్పాడు. నేర్పేటప్పుడు అనుకోలేదు పాపం, ఏడాది తిరిగేసరికి ఆమే తనకు నేర్పుతుందని.

ఆ రోజుల్లోనే నిజాంసాగర్ కాలువల మీద పనిచేసిన ఒక ఇంజనీరు దొర స్వదేశం పోతూ తన జర్మనీ కెమెరా అమ్మేశాడు. ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలు. అందుకే జనం దాన్ని రెండు కండ్ల డబ్బా అనేవాళ్లు. పైకన్ను మనం చూసుకునేందుకు, కిందికన్ను ఫిలిం మీద బొమ్మ పట్టేందుకు. డబ్బాను నడుము దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలికి చూడాలి. హఫీజమ్మ మొదటిసారి అట్లా వంగి చూసినప్పుడు బజారంతా ఆ చిన్న పాల అద్దం మీద రంగులతో కదిలింది. మనుషులు, మేకలు, బండి చక్రాలు, ఎగిరే దుమ్ము. కుడి నుంచి వచ్చిన బండి అద్దంలో ఎడమ నుంచి వచ్చింది. "యా అల్లా, దునియా అంత దీంట్లనే ఉన్నదే!" అన్నదట. పొయ్యి మీద అన్నం మాడి వాసన వచ్చేదాకా తల ఎత్తలేదు. ఎన్నేండ్లు ఆ పని చేసినా, మూత తెరిచిన ప్రతిసారీ ఆమెకు ఊపిరి ఒక్క క్షణం ఆగేదట.

చిక్కు స్టాండుతో వచ్చింది. ఉన్న మూడుకాళ్ల స్టాండు పాత పెట్టె కెమెరాది, దాని బోల్టు లావు. ఘనీ సాబు కంసాలి దగ్గర సన్నటి బోల్టు పోయించాడు గాని అది పొడుగైపోయింది. ఆయన చెయ్యి ఉడుంపట్టు. బలమంతా పెట్టి బిగిస్తే బోల్టు కొన డబ్బా అడుగు రేకును లోపలికి పొడిచింది. ఆ అడుగు వెనక తలుపుతో కలిసి ఉంటుంది, తలుపు వెనకే ఫిలిం. రేకు ఉబ్బి సందు పడింది, సందులోంచి వెలుగు దూరింది, ఒకరి పెండ్లి మొత్తం తెల్లటి పొగైపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

రేకు సరిచేయించాక హఫీజమ్మ డబ్బాను మొగుడికి ఇవ్వలేదు. తోలు బిళ్లలు కోసి, మధ్యలో రంధ్రం చేసి, బోల్టుకు తొడిగింది. ఎక్కువైన పొడుగు తోలులోనే పోయి, కొన మాత్రం డబ్బాలోకి ఎక్కేది. "తిప్పేది వేళ్లు, మోచెయ్యి కాదు" అనేది.

ఇక అసలు సంగతి. రెండో ప్రపంచ లడాయి మొదలై కొత్త ఫిలిం దొరకని కాలం. ఎల్లారెడ్డిలో ఒక పెద్దింటి ఆడవాళ్ల ఫొటోలు తీసి దంపతులు బస్సు కోసం నడుస్తుంటే మా బాపు అడ్డం పడ్డాడు. బాపు తోలుపని చేసేవాడు. ఆ లడాయికని పల్టన్‌లో సిపాయిగా చేరాడు.

"ఘనీ సాబ్, రేపు మాపటి రైలుకు పోతున్న. మా అవ్వ ఫొటో ఒక్కటి కావాలె. యాడ బతుకుతనో, యాడ సస్తనో. ఆమె ముఖం జేబుల ఉంటే సాలు."

"రీలుల రెండే మిగిలినయ్ సీమోనూ. మల్ల రీలు ఎప్పుడొస్తదో తెల్వదు" అన్నాడు ఘనీ సాబు.

"రెండెందుకు? ఒక్కటే ఇయ్యిండ్రి. నేను పుట్టినకాన్నుంచి ఆమె పాపిట సూసుడే గని ముఖం సూసింది లేదు."

అది నిజం. మా నాయనమ్మ సాలవ్వ బతుకంతా తల వంచుకునే గడిచింది. నాట్లలో వంగేది, కోతల్లో వంగేది. దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని, కండ్లు నేల మీద పెట్టాలి. ఆ గడిని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరు పిలిచినా ఆమె ముందు నేలను చూసి, తరువాతే పలికేది.

హఫీజమ్మ బురఖాలోంచే "పదండ్రి" అన్నది.

సాలవ్వను మా ఇంటి వాకిట్లో పీట మీద కూర్చోబెట్టారు. హఫీజమ్మ డబ్బా నడుముకు ఆనించి తల వంచింది. ముసుగు సందు నుంచి చూసి, ముఖం సరిగా కుదిరిందని మీట నొక్కింది. సరిగ్గా అప్పుడే సాలవ్వ రెండు చేతులు జోడించి తల పూర్తిగా కిందికి వంచేసింది. ఫిలిం మీద పడింది పాపిటే.

"అయ్యో అవ్వా, తల దించితివేంది?"

"నువ్వు దించితివి గద బిడ్డా! నీ అసొంటామె వంగి నాకు దండం పెడుతుంటే, నేను మెడ నిక్కించి కూసుంటనా? నా కండ్లు పోవా?"

బాపు నెత్తి కొట్టుకున్నాడు. అది దండం కాదు, డబ్బాలోకి చూస్తున్నదని విడమరిచి చెప్పాడు. "గట్లనా" అన్నది సాలవ్వ. హఫీజమ్మ మళ్లీ వంగగానే మళ్లీ వంగింది. మనసుకు తెలిసినా మెడకు తెలియదు కదా. మిగిలింది ఒక్కటే ఫొటో.

హఫీజమ్మ కాసేపు ఆలోచించి స్టాండు అడిగింది. డబ్బా తన చేతిలో కాకుండా స్టాండు మీద కదలకుండా నిలబడితే, అద్దంలో ముందే చూసిపెట్టుకుని, పక్కకు జరిగి, నిటారుగా నిలబడి, మీటకు తగిలించిన పొడుగు తీగతో నొక్కవచ్చు. ఎవరూ ఎవరికీ వంగక్కరలేదు.

ఘనీ సాబు ముఖం వాడిపోయింది. "స్టాండు ఉన్నది. తోలు బిళ్లలు దుకాణంల్నే మర్సిన. బోల్టు పొడుగు. గది గుచ్చుకుంటే ఉన్న ఒక్కటీ పాయె."

బాపు లోపలికి ఉరికి బావి నీళ్లు తోడే మోటది, చినిగిన తొండం తోలు తెచ్చాడు. నీళ్లు తాగి తాగి గట్టిపడిన తోలు. ఆమె వేలితో మందం చూపిస్తే, కోసి, తోలు కుట్టే ఆరెతో రంధ్రాలు పొడిచి ఇచ్చాడు. హఫీజమ్మ బిళ్లలు ఒక్కొక్కటి తొడుగుతూ బయట మిగిలిన కొనను గోటితో కొలుచుకుంది. స్టాండు కాలు ఒకటి కెమెరా చూసే దిక్కుకు పెట్టించింది, ముందుకు బరువు తూలకుండా. నడుమ రాళ్ల సంచి వేలాడదీయించింది. పసిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు డబ్బా కింద ఎడమ చెయ్యి ఉంచి, డబ్బాను తిప్పకుండా బోల్టును మాత్రం వేళ్లతో తిప్పింది. తోలు కొంచెం అణగగానే ఆపేసింది. అప్పటికి గాని కింద చెయ్యి తీయలేదు. ఇనుము, తోలు, కట్టె కలిసి ఆ బరువును గాలిలో అట్లా పట్టుకుని నిలబడడం చూస్తే బాపుకు గుడిలో దీపం ముందు నిలబడ్డట్టు అనిపించిందట. మాది చర్చి ఇల్లు అయినా ఆయన గుడి అనే చెప్పేవాడు.

అద్దంలో చూసి సరిచేసుకుని హఫీజమ్మ తీగ పట్టుకుని పక్కకు జరిగింది. నిటారుగా నిలబడింది. సాలవ్వ తల మాత్రం నేల మీదే ఉంది.

"అవ్వా, నా దిక్కు సూడు."

"నల్లగుడ్డల ఏం సూడాలె బిడ్డా? ముఖం లేని దిక్కు యాడ సూడాలె?"

హఫీజమ్మ మగవాళ్లతో అన్నది: "మీరిద్దరు గోడ దిక్కు తిరుగుండ్రి."

ఘనీ సాబు ఏదో అనబోయి, ఆమె నిలబడిన తీరు చూసి తిరిగాడు. బాపు కూడా తిరిగాడు. వాళ్ల వెనక ఆమె ముసుగు ఎత్తేసింది.

"అవ్వా, నేను నీకు వంగుత లేను. నువ్వు గూడ నాకు వంగకు."

కొంతసేపటికి చిటిక వేసినట్టు మీట పడిన చిన్న చప్పుడు. "తల్లి ముఖం కోసం అన్ని తిప్పలు పడ్డోన్ని, ఆమె తల ఎత్తిన గడియల పేడ అలికిన గోడ సూసుకుంట నిలబడ్డ" అని బాపు చెప్పి నవ్వేవాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకునేవాడు.

మరునాడు కామారెడ్డి స్టేషనుకు హఫీజమ్మే వచ్చింది. ఇంకా తడి ఆరని ఫొటోను అంచులు పట్టుకుని బాపు చేతికి ఇచ్చింది. ఎండకు కమిలిన పెద్ద నొసలు, తిన్నగా చూసే రెండు కండ్లు. బెదురు లేదు, నవ్వు లేదు. ఆ ఫొటో నేనూ చూశాను. దొరసానుల ఫొటోలు ఎన్నో చూశాను గాని, అంత నిండుగా కూర్చున్న మనిషిని చూడలేదు. చూసిన ప్రతిసారీ నేనే సర్దుకుని కూర్చుంటాను.

సాలవ్వ ఆ ప్లాట్‌ఫారం మీద టోపీల మధ్య, బూట్ల మధ్య ఎప్పటిలాగే నేల చూస్తూ నిలబడి ఉంది. బాపు ఫొటోను ఆమె కండ్ల కిందికి తెచ్చాడు.

"గీమె ఎవలు బిడ్డా?"

"నువ్వే అవ్వా."

ఆమె నమ్మలేదు. వేలు దగ్గరికి తెచ్చి, తాకకుండానే ఆపేసింది. "ఎవల్ని సూస్తున్న, గింత ధైర్నంగ?"

"హఫీజమ్మను."

రైలు కూత వేసింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. బాపు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"అవ్వా, నన్ను గూడ గట్ల సూడు. ఒక్కపారి."

సాలవ్వ తల ఎత్తింది. పక్కనుంచి పోలీసు పోయాడు, గార్డు పోయాడు, ఎవరో సాబు అరుచుకుంటూ పోయాడు. ఆమె దించలేదు. బండి కదిలింది, అయినా దించలేదు. ఫొటోను జేబులో పెట్టుకోవడం మరచి చేతిలోనే పట్టుకుని, బాపు ఆ ముఖాన్నే చూస్తూ పోయాడు.