బెదరని గుర్రం

మా నాన్న బడిపంతులు. కొడుకు ఏ బ్యాంకులోనో ఫ్యాను కింద కూర్చోవాలని ఆయన ఆశ. నాకేమో చిన్నప్పటి నుంచీ గుర్రాల పిచ్చి. జగ్గయ్యపేటలో అప్పటికింకా మిగిలిన ఒకటీ అరా జట్కా గుర్రాలను చూడటానికి బడి ఎగ్గొట్టి తన్నులు తిన్నవాణ్ణి. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక స్వారీ బడిలో చేరి, లద్దె ఎత్తడం దగ్గర్నుంచి మొదలుపెట్టి, గుర్రాలకు తర్ఫీదు ఇవ్వడం నేర్చుకున్నాను. "చదివిందంతా గుర్రాల పాలు చేశావురా!" అన్నాడు నాన్న.

తిరిగొచ్చి నందిగామలో, పెళ్లిళ్లకు గుర్రాలు అద్దెకిచ్చే షావుకారు దగ్గర కుదిరాను. ఆయన అప్పుడే ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. ఆకు కదిలినా అదిరిపడేది. "దీన్ని ఊరేగింపులకి తయారు చెయ్యండి" అన్నాడు. అంతకంటే ఏం కావాలి నాకు!

రోజూ పొద్దున్నే హైవే పక్కన నడిపించేవాణ్ణి. సిమెంటు లారీలు హారన్లు కొడుతూ పోతుంటే కదలకుండా దాని పక్కనే నిలబడేవాణ్ణి. తర్వాత డప్పులు. తర్వాత టపాకాయలు, ముందు దూరంగా, ఆపైన దగ్గరగా. ఒక్కసారి కూడా కొరడా ముట్టుకోలేదు. చలికాలం పోయేసరికి చెవి పక్కన బాంబు పేలినా కళ్లార్పుతూ నిలబడేది. ఆ రోజు ఎంత పొంగిపోయానో!

మొదటి పెళ్లిలోనే పరువు పోయింది. మా వైపు పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం డీజే పాటకి ముందుకాళ్లెత్తి గంతులెయ్యాలి. ఫోన్లన్నీ లేచేది ఆ గంతుల కోసమే. మా గుర్రం శుభ్రంగా నిలబడింది.

"ఏవయ్యా, ఇదేం గుర్రం? బర్రెగొడ్డులా నిలబడింది! ఆడించు!" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ.

"బెదరకుండా ఉండటమే నేర్పానండీ. పైన మనిషున్నాడు కదండీ."

"దీని బదులు బుల్లెట్ బండి ఎక్కించినా బాగుండేది!"

అందరూ ఘొల్లున నవ్వారు. పెళ్లికొడుకు స్నేహితులు దాని పొట్ట కింద టపాకాయల దండ ముట్టించారు. అది కదల్లేదు. నేనే కాలితో తొక్కి ఆర్పాను. మనుషులా వీళ్లు!

మర్నాడు షావుకారు పిలిచాడు. "పంతులుగారబ్బాయి కదా అని మర్యాదగా చెప్తున్నానండీ. జనానికి గంతులు కావాలి. మీరు దాన్ని ఆవుని చేసి పెట్టారు. ఆట నేర్పేవాణ్ణి పిలిపించా."

ఆట ఎలా నేర్పుతారో నాకు తెలుసు. నోట్లో ముళ్ల కళ్లెం బిగించి, డప్పు మోగినప్పుడల్లా ముందుకాళ్ల మీద కొడతారు. వద్దండీ, పాడైపోతుందండీ అని కాళ్లమీద పడినంత పని చేశాను. "గుర్రం నాది. మీకెందుకండీ అంత బాధ?" అన్నాడు. అంతటితో నా ఉద్యోగం అయిపోయింది. ఇప్పుడు ముక్త్యాల వైపు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలను లోపలికి పంపుతుంటాను. నాన్న ఏమీ అనడు. అంటే బాగుండును.

మొన్న వేసవిలో జగ్గయ్యపేటలో చుట్టాల పెళ్లికి వెళితే, ఊరేగింపులో అదే గుర్రం. ఏం గంతులు, ఏం ఈలలు! పెళ్లికొడుకు దిగి లోపలికి వెళ్లాడు. డీజే ఆపేశారు. జనం భోజనాలకి లేచారు. గుర్రాన్ని ఒక స్తంభానికి కట్టి వదిలేశారు. నోటి చివర్ల నుంచి నురగతో పాటు నెత్తురు కారుతోంది. చూడలేక బకెట్టు నిండా నీళ్లు తీసుకుని దగ్గరికి వెళ్లాను.

నన్ను చూసింది. చెవులు వెనక్కి పెట్టి, గజగజ వణుకుతూ ముందుకాళ్లెత్తి ఆడటం మొదలుపెట్టింది. పాట లేదు, డప్పు లేదు.

"అబ్బ, భలే నేర్పారండీ!" అని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

బకెట్టు అక్కడే దింపేసి, దానికి కనపడనంత దూరం పోయాను. అప్పుడు గాని అది ఆడటం ఆపలేదు.