సొలొమోను ఖాళీ బరువు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు చర్చివాళ్ళ క్రిస్మస్ నాటకానికి జనం కిక్కిరిసిపోయేవారు. గొర్రెల కాపరులు ఏం మాట్లాడుకుంటారో ఎవరికీ పట్టేది కాదు. దేవదూత వేషంలో సొలొమోను దిగడం చూడ్డానికే అందరూ వచ్చేవారు. హాలు పైకప్పు దూలానికి కప్పీ బిగించి, తెల్లటి అంగీ తొడిగి, రేకు రెక్కలు కట్టి, దేవదూతను తాడు మీద పైనుంచి దించేవారు. దూది పింజ దిగినట్టు దిగేవాడు. ఒక ఏడాది ఆ వైపుగా పోతున్న మెయిలు బండి హాలు పక్కన పది నిమిషాలు ఆగిపోయిందనీ, డ్రైవరు నోరు తెరుచుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడనీ చెప్పుకుంటారు. పది కాకపోయినా అయిదు నిమిషాలైతే ఖాయం.

మామూలు రోజుల్లో సొలొమోను వర్క్‌షాపులో అక్షరాల పెయింటరు. మరమ్మతైన ప్రతి గూడ్సు పెట్టెనీ ఖాళీగా తూచి, ఆ బరువు పెట్టె ఒంటి మీద తేదీతో సహా రాయాలి. దాన్నే టేరు అంటారు. పదిహేనేళ్ళలో అతను రాసిన టేరు అంకెలన్నీ వరస పెడితే వాల్తేరు దాకా పోయి తిరిగొస్తాయి. నాలుగు లిపుల్లో ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు గానీ చదవగలిగింది ఒక్క తెలుగే. షాపులో అందరూ “ఓ పెయింటరూ” అనేవారే తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం ఆరువందల మంది తలలెత్తి అతన్నే చూసేవారు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆ ఒక్క సాయంత్రం మీద బతికేవాడు.

తాడు పట్టేది జ్ఞానరత్నం. షాపులో క్రేను ముఠాకి మేస్త్రీ. నవ్వితే పళ్ళు అరిగిపోతాయేమో అన్నట్టుండే మనిషి. మొదటి ఏడాదే తేల్చి చెప్పేశాడు: “దూలం పాతది. అరవై అయిదు కిలోలు దాటితే నా బాబొచ్చినా ఎత్తను.” షాపులో ప్రతి క్రేను మీదా అది మొయ్యగల బరువు రాసి ఉంటుంది కదా, అలాగే దూలం మీద జానెడెత్తున 65 అని రాయించాడు. రాసింది సొలొమోనే. అప్పుడతను యాభై ఎనిమిది కిలోలు. ఆ అంకె తనకెప్పుడైనా అడ్డొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూన్‌లో, మలంచా రోడ్డు మీద వానలో సొలొమోను సైకిలు జారింది. హ్యాండిలుకి పులస వేలాడుతోంది. మనిషి పడ్డాడు గానీ చేపని పడనివ్వలేదు. చేపకి దెబ్బ తగల్లేదు, కుడి చీలమండ మాత్రం రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో ప్లేటు వేసి, మూడు నెలలు పిండికట్టు కట్టి, కాలు నేల మీద ఆనించావంటే చూడు అన్నారు.

ఇంకేముంది, పరామర్శలు మొదలయ్యాయి. రోగి ఇంటికి ఉత్త చేతుల్తో పోకూడదన్నది ఆ కాలనీలో రైల్వే రూల్సు పుస్తకం కన్నా గట్టి రూలు. తెలుగువాళ్ళు గారెలూ అరిసెలూ తెచ్చారు. బెంగాలీలు మట్టి ముంతల్లో తీపి పెరుగూ, రసగుల్లాలూ తెచ్చారు. పక్క క్వార్టరులో ఉండే హెడ్ క్లర్కు భార్య దుర్గాంబ పూర్ణాలు తెచ్చింది. ఆవిడ పూర్ణాలు నేతిలో ఈదేవి. పడుకున్న మనిషికి పని లేదు, పని లేని నోటికి విశ్రాంతి లేదు. వీధిలో కుక్కలు కూడా ఆ ఇంటి ముందే కాపురం పెట్టాయి.

సెప్టెంబరులో కట్టు కోశారు. కాంపౌండరు త్రాసు ఎక్కించాడు. డెబ్భై ఏడు.

బెంగాలీ డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. “నిన్ను నడవొద్దన్నాను. ఇద్దరి తిండి నువ్వే తినమన్నానా?” అంది హిందీలో. పగిలిన ఎముక మీద పంతొమ్మిది కిలోలు అదనంగా మొయ్యడం మంచిది కాదంది. పరుగులూ మెట్లూ సైకిలూ ఇప్పట్లో లేవు. “కాళ్ళతో తగ్గలేవు. నోటి దగ్గరే తగ్గాలి. కాలు తప్ప మిగతా ఒళ్ళంతా కూర్చునే పని చెయ్యొచ్చు. డిసెంబరుకి ఎముక గట్టిపడుతుంది, అప్పుడు చేతికర్ర వదిలెయ్.”

అదే సాయంత్రం జ్ఞానరత్నం వచ్చి గడపలోనే నిలబడ్డాడు. వెనకాల సుందర్ రాజు, పాతికేళ్ళ కుర్రాడు, ములక్కాడకి అంగీ తొడిగినట్టుంటాడు.

“ఈ ఏడు దూత ఈడురా, సొలొమోనూ,” అన్నాడు జ్ఞానరత్నం. “నీ మీద కోపం నేదు. దూలం మీద బయం.”

“అన్నా, నేను తగ్గుతాను.”

సుందర్ రాజు కిసుక్కుమన్నాడు. “ఏటి మావా, పైనుంచి దూత దిగాలా, గూడ్సు బండి దిగాలా?”

లోపల్నుంచి సొలొమోను భార్య సుజాతమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. “నీ నోట్లో గూడ్సు బండి షంటింగు సేసీగల్ను, జాగర్త. అన్నా, ఎప్పటికల్లా తగ్గాలో సెప్పీ.”

జ్ఞానరత్నం దూలం వంక చూసినట్టు పైకి చూశాడు. “డిసెంబరు ఇరవై. పార్సిలాఫీసు కాటా మీద. అరవై అయిదు దాటితే ఈడే.”

ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో అన్నం గిన్నె స్టీలు గ్లాసంత అయింది. పొద్దున్న చోడంబలి, అంటే రాగి జావ, మధ్యాహ్నం గ్లాసుడన్నం, గంపెడు ఆకుకూర, సాయంత్రం గుప్పెడు మరమరాల్లో దోసకాయ ముక్కలు. సోమవారం సోమవారం రిక్షాలో స్టేషనుకెళ్ళి, తమలపాకుల బుట్టలకీ చేపల బుట్టలకీ మధ్య కాటా మీద నిలబడేవాడు. పార్సిలు క్లర్కు కృపారావు చర్చి పెద్దే. ముక్కు మీద కళ్ళద్దాలు దించి, ముల్లు చూసి, తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. ఇంటికి రాగానే సొలొమోను కుంచె తీసి గుమ్మం పక్క గోడ మీద టేరు రాసేవాడు. కింద తేదీ. షాపులో రాసినట్టే, గీత అటూ ఇటూ పోకుండా.

మొదటి వారం డెబ్భై ఆరు. రెండో వారం డెబ్భై అయిదున్నర. మూడో వారం డెబ్భై ఆరున్నర.

సుజాతమ్మ గోడ చూసింది, మొగుణ్ణి చూసింది. “అంబలి తాగితే కిలో పెరుగుతాదేటండి?”

సొలొమోను మంచం కింద నుంచి మూడు ఖాళీ స్వీటు పెట్టెలు కర్రతో బయటకి తోశాడు. “ఆళ్ళు పేమగా తెత్తన్నారే. వొద్దంటే మొహాలు మాడిపోతన్నాయి. నానేటి సేసీది?”

ఆ రాత్రి అన్నం కూడా తినకుండా ఆలోచించాడంటారు. ఆ మాట నమ్మాలి, ఎందుకంటే మర్నాడు అర కిలో తగ్గాడు. పొద్దున్నే రేకు ముక్క మీద పసుపు రంగు పూసి, నల్లక్షరాలు రాశాడు. చెడిపోయిన పెట్టెల్ని షాపులో సిక్ లైనులోకి తోసి, వాటికి సరుకు ఎక్కించొద్దని పలక తగిలిస్తారు. ఆ మాటే తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియాల్లో రాశాడు: “సిక్ లైను. లోడ్ చేయరాదు.” తాడు కట్టి మెళ్ళో వేసుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు.

మొదట వచ్చింది దుర్గాంబే, పూర్ణాల డబ్బాతో. పలక చదివింది. డబ్బా చంకలో పెట్టుకుంది.

“నా చేతి వంట సరుకా తమ్ముడూ? నేను గూడ్సు పెట్టెలోకి ఎక్కిస్తున్నానా?”

“వదినా, నీ పూర్ణాలు బాగున్నాయి గనకే గదా ఈ పలక.”

“బాగుంటే తినాలి,” అని విసవిసా వెళ్ళిపోయింది. వారం రోజులు ప్రహరీ ఇవతలికి చూపు కూడా పడనివ్వలేదు. తీగ మీద చీర ఆరేస్తే అది కూడా అటు తిరిగే ఆరేది. సొలొమోనుకి ఇంకో మూడు లంకణాలైనా నయమనిపించింది. కాలనీలో గుసగుసలు లేచాయి. దూత వేషం వేసి వేసి నెత్తికెక్కిందనీ, తోటివాళ్ళ తిండి తినడట అనీ అన్నారు.

అయితే రోజూ బజారుకి పోయే దారి ఆ టేరు రాసిన గోడ ముందు నుంచే. చదువుకున్న మనిషికి అంకె కనబడితే చదవక తప్పదు. డెబ్భై ఆరున్నర తర్వాత డెబ్భై అయిదు. ఆ పైన డెబ్భై నాలుగు. ఒక సోమవారం దుర్గాంబ గోడ ముందు ఆగిపోయింది. డెబ్భై రెండున్నర. మనసులోనే తీసివేత చేసింది. ఇన్నాళ్ళూ ఆ కిలోలు ఎక్కడివో ఆవిడకి తెలియనిదా. అందులో సగం తన నెయ్యే.

“సుజాతమ్మా,” అని పిలిచింది ప్రహరీ మీద నుంచి, “రేపట్నుంచీ ఎవరేం తెచ్చినా ముందు నాకు చూపించమను.”

ఆ తర్వాత కాలనీలో దుర్గాంబని దాటి ఆ ఇంట్లోకి తీపి పోలేదు, చీమకి కూడా వీలు కాలేదు. గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుని టిఫిను క్యారియర్లు విప్పించేది. ఉత్త చేతుల్తో పోకూడదన్న రూలు అలాగే ఉంది, సరుకే మారింది. జనం దోసకాయలు తెచ్చారు, ములగాకు తెచ్చారు, జామకాయలు తెచ్చారు. ఏమీ దొరకనివాళ్ళు నాలుగు కబుర్లు తెచ్చారు. కబుర్లు ఎంత మేసినా కాటా కదలదు.

జ్ఞానరత్నం ఒకరోజు సంచిలో కప్పీ, తాడు, ఇసక బకెట్టు తెచ్చి వరండా దూలానికి బిగించాడు.

“కుర్సీలో కూకుని లాగు. పొద్దున నూరు, సాయంత్రం నూరు.”

“నువ్వు నా పచ్చమా అన్నా?”

“ఎవుడి పచ్చం నేదు. రూలు రూలే. లాగు.”

లాగాడు. చేతులు మొదట వణికాయి, తర్వాత బకెట్టే వణికింది. దుర్గాపూజల రోజుల్లో పది పందిళ్ళ మిఠాయిలు వీధిలో ఊరేగుతూ పోయినా పలక మెళ్ళోంచి తియ్యలేదు.

డిసెంబరు ఇరవై. పార్సిలాఫీసు ముందు జనం ఎలా చేరారంటే, ఎవరో మంత్రి దిగుతున్నాడనుకుని పోర్టర్లు ఎర్ర తుండ్లు సర్దుకున్నారు. సొలొమోను కర్ర ఊతంతో కాటా ఎక్కాడు. కృపారావు కళ్ళద్దాలు దించాడు.

“అరవై నాలుగున్నర.”

ఈలలు పడ్డాయి. సుజాతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జ్ఞానరత్నం మాత్రం చెయ్యెత్తాడు.

“రెక్కలేవి?”

జ్ఞానరత్నం వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు.

“తాడు మోసీది మనిషినొక్కణ్ణే కాదు. రేకు రెక్కలు నాలుగు కిలోలు, బెల్టు అర కిలో. యాభై ఎనిమిదున్నప్పుడు ఎవుడూ అడగనేదు. ఇప్పుడు అడగాల.”

సొలొమోను తల దించుకున్నాడు. పదిహేనేళ్ళుగా పెట్టెల మీద ఖాళీ బరువు రాస్తున్నవాడు తను. పట్టాలు మోసేది సరుకుతో ఉన్న బరువుని అని వాడికి ఇంకొకడు చెప్పాలా. గోడ నిండా టేరు రాసుకున్నాడు గానీ, మొత్తం ఎంతని ఒక్కసారీ కూడలేదు. అరవై తొమ్మిది. నాటకానికి నాలుగు రోజులుంది. నాలుగు రోజుల్లో నాలుగు కిలోలు దించాలంటే కాలు కోసి ఇవ్వాలి.

“పోన్లే మావా,” అన్నాడు సుందర్ రాజు. ఈసారి నవ్వలేదు.

అప్పుడు జనంలోంచి దుర్గాంబ ముందుకొచ్చింది. “మనిషి తగ్గాల్సినంత తగ్గాడు. ఇంక తగ్గాల్సింది రెక్కలు.” అక్కడికక్కడే రిక్షా ఎక్కి తాల్‌బగీచా పొమ్మంది. అక్కడ శోలా పని చేసే ముసలి మాలాకార్ ఉన్నాడు. శోలా అంటే జీలుగు బెండు. పూజల్లో అమ్మవారి కిరీటాలూ, పెళ్ళికొడుకుల టోపీలూ చేసేది దాంతోనే. అరచేతిలో పెడితే ఉందో లేదో తెలీదు. పౌషమాసం, బెంగాలీ పెళ్ళిళ్ళు లేవు, ముసలాయన బీడీ కాలుస్తూ ఖాళీగా ఉన్నాడు.

“దాదా, రెక్కలు కావాలి. మనిషంత.”

“ఏ ఠాకూరుకి?” అన్నాడు, ఏ దేవుడికని.

“మా తమ్ముడికి.”

ముసలాయన బీడీ ఆర్పి, ఫిబ్రవరిలో సరస్వతి పూజకి చేసే హంస రెక్కల నమూనా తీశాడు. దాన్నే మూడింతలు పెంచాడు.

ఇరవై నాలుగు పొద్దున్న సొలొమోను అంగీ తొడుక్కుని, బెల్టు బిగించి, హంస రెక్కలతో కాటా ఎక్కాడు. చేపల బుట్టల వాళ్ళు దణ్ణాలు పెట్టారు. ముల్లు ఊగి ఊగి, అరవై అయిదు గీత దాటి ఆగింది. రెండు వేళ్ళ మందం అటు.

సుజాతమ్మ కళ్ళు మూసుకుంది.

జ్ఞానరత్నం వంగి ముల్లు చూశాడు, తర్వాత కాళ్ళ వైపు చూశాడు. “ఆ కర్రతో దిగుతావేట్రా పైనుంచి?”

సొలొమోను చేతిలో కర్ర వైపు చూసుకున్నాడు. వదిలెయ్యమని డాక్టరమ్మ చెప్పిన డిసెంబరు వచ్చి మూడు వారాలైంది. భయానికి వదల్లేదు. నెమ్మదిగా చెయ్యి చాచి సుందర్ రాజుకి ఇచ్చాడు. కుడికాలు నేలకి ఆనింది, బరువు పడింది, చీలమండ చిన్నగా మూలిగి ఊరుకుంది. ఆరునెలల తర్వాత రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. ముల్లు ఊగింది. వెనక్కి జారింది. గీతకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

“ఎక్కు దూలం,” అన్నాడు జ్ఞానరత్నం.

ఆ సాయంత్రం ఏడు గంటలకి హాల్లో దీపాలు ఆర్పి, పైన ఒక్కటే వెలిగించారు. తెల్లటి హంస రెక్కలు వెలుగులో వణికాయి. జ్ఞానరత్నం తాడు వేలు వేలుగా వదిలాడు, గాజు సామాను దించినట్టు. దూది పింజ దిగడం పాత మాట. ఆ ఏడు వెన్నెలే దిగిందన్నారు. ఎడంకాలు ఆనింది, తర్వాత కుడికాలు. సొలొమోను కర్ర లేకుండా నిలబడి, చెప్పాల్సిన మాటలు చెప్పాడు. ఆరువందల మంది చప్పట్లకి ఖరగ్‌పూరు స్టేషన్లో ఆగిన బండ్లన్నీ సిగ్నలు పడిందనుకుని కదిలాయంటారు. అన్నీ కాకపోయినా ఒకటైతే కదిలి ఉంటుంది.

బయటికి రాగానే దుర్గాంబ డబ్బా మూత తీసింది. పూర్ణాలు.

సొలొమోను ఒకటి తీసి, సగం కొరికి, మిగతా సగం సుందర్ రాజు నోట్లో పెట్టాడు. “తినరా. అరవై అయిదు దాకా నువ్వు ఇంకా ఏడు కిలోలు పెరగొచ్చు.”

సోమవారం డ్యూటీలో చేరడానికి షాపు గేటులోకి అడుగుపెడుతుంటే, ఇంతవరకూ అతని మొహం కూడా చూడని ఫోర్‌మన్ దూరం నుంచి కేకేశాడు:

“ఓ సొలొమోనూ, కాలెలా ఉంది?”