బావ కనుబొమ్మ మీది నెలవంక

మా బావ కనుబొమ్మ మీద ఇప్పటికీ ఒక నెలవంక ఉంది. దాన్ని చెక్కిన శిల్పిని నేనే. ఆ పొద్దు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ భయమే. మీరు మాత్రం భయపడకుండా నవ్వుకోండి.

మా అక్కను ఇచ్చింది కర్దనూరులో. అక్కడి మక్క చేలను అడవిపందులు పాడుచేస్తుంటే, తుపాకీ లైసెన్సు ఉన్నవాడని పంచాయతీ వాళ్లు అనుమతి తెచ్చి మరీ బావను వేటకు ఒప్పించారు. ఆయన తన పెద్ద రైఫిల్ మీదికి స్కోపు కొన్నాడు. గురి చూసే దుర్భిణి అన్నమాట. దుకాణం వాళ్లతోనే బిగింపిస్తానంటే నేనే అడ్డుపడ్డాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇంటంత మిషన్లకు బోల్టులు బిగించే ఫిట్టర్ని, ఈ మూరెడు గొట్టం నాకో లెక్కా?

గొట్టానికి గీతలు పడకూడదని, దాన్ని పట్టుకునే కడియాల్లో సైకిల్ ట్యూబు ముక్కలు పరిచాను. మరలు సాఫీగా దిగాలని నూనె కూడా రాశాను. గట్టిగా ఉందా అని బావ అడిగితే, "ఏనుగు తొక్కినా కదలది బావా," అన్నాను.

ఏనుగు తొక్కితే ఏమో గానీ, పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నితే సంగతి వేరు.

మర్నాడు పొద్దున పొలం చివర మట్టికట్టకు అట్ట ఆనించి, బావ బోర్లా పడుకుని పేల్చాడు. అట్టకు చిల్లు పడలేదు. ఆయన అట్టను చూస్తుంటే నేను స్కోపును చూశాను. అది వేలెడు వెనక్కి, ఆయన కంటి వైపు జరిగి ఉంది.

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే కన్ను పోతుంది. తుడుస్తున్నట్టు నటిస్తూ అరచేత్తో ముందుకు నెట్టాను. తేలు కుట్టిన దొంగ కనీసం తన నొప్పి తానే పడతాడు. ఇక్కడ తేలు నాది, కుట్టించుకోబోయేది బావ.

"బావా, జెర తలకాయ ఎనకకు పెట్టుకో," అన్నాను.

"ఎనకకు పెడితె ఏం కనవడతది?" అంటూ ఆయన ఇంకాస్త ముందుకు వంగాడు.

ఆపమని నేను నోరు తెరిచేలోపే తుపాకీ పేలింది, స్కోపు వెనక్కి దూసుకొచ్చి ఆయన ముఖానికి తగిలింది. బావ ముఖం కప్పుకుని లేచి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు. "కన్ను పోయినట్టున్నది రా," అన్నాడు మెల్లగా.

కంటికి తువ్వాల కట్టి బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో నేను మొక్కని దేవుడు లేడు. అక్కకు ఏ ముఖం చూపించాలి? నా కన్నొకటి తీసి పెట్టమని డాక్టరును బతిమాలుదామనుకున్నాను.

డాక్టరు తువ్వాల తీసి, నెత్తురు తుడిచి, కన్ను భద్రంగా ఉందన్నాడు. స్కోపు గుండ్రటి అంచు తగిలి చీలింది కనుబొమ్మేనట. ఆ మాట వినగానే నేను అక్కడే కుప్పకూలాను. కుట్లు బావకు పడ్డాయి, సెలైన్ నాకు ఎక్కింది.

అంతలో అక్క వచ్చింది. బావ జరిగిందంతా చెప్పాడు, స్కోపు జారిన సంగతి నేను ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నేను దుప్పటి ముఖం దాకా లాక్కున్నాను. చివరికి ఆమె బావ వైపు తిరిగి ఒకటే అడిగింది.

"మన ఇంట్ల ఫ్యాన్లు బిగించింది ఎవరు?"

బావ నా వైపు చూశాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా వాళ్లింట్లో మంచాలన్నీ వరండాలోనే ఉన్నాయి. స్కోపు సంగతంటారా, దుకాణం వాళ్లు ట్యూబు పీకేసి, నూనె తుడిచి, ఎంత బిగువు పడిందో చూపే కొలత పానాతో మరలన్నీ సమంగా బిగించారు. ఇంతవరకు వెంట్రుకంత కూడా జరగలేదు.

కాబట్టి అక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఫ్యాక్టరీ గేటు బయట నేను నీళ్ల సీసా మూత కూడా బిగించను. విప్పే పని ఉంటే మాత్రం పిలవండి.