మూడో దెబ్బ గాలిలోనే

బేబీ చేతిలోని డీవీడీ మీద పసుపు ఎండి అట్టకట్టింది. ఆ పసుపు మీద కుంకుమ బొట్టు. మెత్తని ఖద్దరు గుడ్డను తడిపి పిండి, నడుమ ఉన్న చిల్లు దగ్గర నుంచి అంచుకు తిన్నగా తుడుస్తోంది. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి.

“మెరిసేవైపు బొట్టెట్టీసేరేటి తాతా?”

“దసరాకి తప్పెట్లన్నిటికీ ఎట్టి దీన్నొక్కదాన్నీ ఒగ్గీమంటావేటే? నా ఆటంతా అందులోనే ఉన్నాది” అన్నాడు జగన్నాధం.

ఆయన పొందూరు దగ్గర ఒక ఊళ్లో తప్పెటగుళ్ల జట్టుకు గురువుగా ఉండేవాడు. రేకు తప్పెట రొమ్ముకు కట్టుకుని ఎగిరి, గాలిలో ఒక చుట్టు తిరిగి, కాలు నేలకు ఆనేలోపు మూడు దెబ్బలు వేసేవాడినని ఊరంతా చెప్పుకున్నాడు. కొత్త జట్టువాళ్లు నమ్మలేదు. సాయంత్రం జాతరలో ఎల్‌ఈడీ తెర మీద చూపిస్తానని మాట ఇచ్చేశాడు. వెంట వచ్చిన అల్లుడు గంగులు పందెం కాశాడు. మూడు కనిపిస్తే తప్పెట కట్టుకుని తాను ఊరంతా గెంతుతాడు. కనిపించకపోతే మావ ఆ ఊసు మళ్లీ ఎత్తకూడదు.

గంగులు డిస్కును ఎక్కడో ఫోనులోకి ఎక్కించుకుని తెచ్చాడు. “నువ్వే సూడు సెల్లీ. ఎగిరినకాడ మావకి సేతుల్లేవు. పొగున్నాది.”

“పొగ నీ కళ్లల్లో ఉన్నాదిరా!” అన్నాడు ముసలాయన. కాని ఫోను వైపు చూడలేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గరి ఒక స్టూడియోలో డిస్కులకు కాగితాలు అతికిస్తూ, ఎడిటర్ భుజం మీదుగా చూసి బేబీ వీడియోలు కత్తిరించే ఈ పని పట్టుకుంది. తన మొదటి పని వాళ్ల చర్చి క్రిస్మస్ నాటకం. అందరూ ఫోనుకని వాడే కోడెక్‌లోనే, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతిలోనే, దాన్ని పెట్టి కత్తిరించింది. ఆ ఏడు తెర మీద దేవదూత ముఖానికి గొర్రెల కాపరి గడ్డం అంటుకుని కాసేపు వదల్లేదు. సంఘమంతా పడీపడీ నవ్వింది. అప్పటి నుంచి కోడెక్ తేల్చుకోనిదే ఆమె కత్తెర పట్టదు.

“ఫోను ఫైల్లో అన్నీ నిండు బొమ్మలు కావన్నా. ఒకటి దాసి, తర్వాత ఏటి మారిందో రాసుకుంటాది. సూడ్డానికే గానీ కొయ్యడానికి కాదు. పైగా డిస్కులో ఒక్కో బొమ్మ రెండు సగాలు, రెండు వేరే క్షణాలవి. నీ ఫోనువాడు రెండిటినీ కలిపి పులిమీసినాడు.”

కంప్యూటరు డిస్కును చదివింది. బేబీ సగాలను విడదీసి, ఒక్కో సగాన్ని ఒక్కో నిండు బొమ్మగా చేసింది. వాటిని ప్రోరెస్ అనే కోడెక్‌లో పెట్టింది. అందులో ఏ బొమ్మకు ఆ బొమ్మే, పక్కదాని మీద ఆధారపడదు. ఫైలు ఉబ్బుతూ పోయింది.

“ఇదేటి సెల్లీ, ఎసట్లో బియ్యంలాగ పొంగిపోతంది!”

“పొంగనీ. ఇచ్చినప్పుడు సన్నం సేస్తాను.”

ఒక్కొక్క బొమ్మే జరిపింది. తెర మీద పడుచు జగన్నాధం లేచాడు. పొగ లేదు. వేళ్లు వేళ్లుగా చేతులు.

“ఒకటి!” అని ముసలాయన కుర్చీలోంచి లేచాడు. “రెండు!”

మూడోసారి చెయ్యి రేకు మీద పడింది. కాలు నేల దగ్గరే ఉంది.

“ఆనీసింది! మావా, కాలానీసింది!”

“ఆనలేదురా గుడ్డోడా!”

బేబీ ఇద్దరినీ పట్టించుకోకుండా తెర మీద వేలు పెట్టింది. చెయ్యి రేకు మీదున్న ఆ బొమ్మలో కాలి బొటనవేలు ఒకచోట, దాని నీడ ఇంకోచోట. రెంటి మధ్య ఎండ పడిన మట్టి. ఒక్క బొమ్మ ముందుకు జరిపితే నీడా వేలూ కలిశాయి. వెనక్కి జరిపితే విడిపోయాయి.

గంగులు నోరు తెరుచుకుని చూసి, మామను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు.

“దింపరా, నా నడుమిరిగిపోద్ది!”

“ఊరంతా గెంతాల్నేటి మావా? మన ఈది సాలదేటి?”

“ఊరంతానే!”

బేబీ నవ్వుతూనే ముందూ వెనకా కత్తిరించి, గెంతును నెమ్మది చేసింది. ఎల్‌ఈడీ తెరవాళ్ల డబ్బా ఆడించగలిగేలా చివరికి హెచ్‌ 264 అనే కోడెక్‌లో చిన్న ఫైలు తీసింది. గోడ టీవీలో పెట్టి మొదటి నుంచి చివరిదాకా చూసింది. మూడు దెబ్బలూ ఉన్నాయి.

అది ఎక్కించిన పెన్‌డ్రైవ్ కోసం గంగులు చెయ్యి చాపాడు. బేబీ ఆ చెయ్యి దాటించి, ముసలాయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“తెరకాడికి నువ్వే అట్టుకెళ్లు తాతా.”